మన మూల ఏ రంగు

మన మూల ఏ రంగు బావా అని అడిగాను, ఎరుపు అన్నాడు, కళ్ళు తెరవకుండానే అన్నాడు, అన్నాడు కదా, అది చాలు. నర్సమ్మ చెప్పింది అదే. నిద్రపోనివ్వకండి, ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండండి, తలలో రక్తం చేరింది, పెద్ద డాక్టరుగారు ఇంకో ఆపరేషన్‌లో ఉన్నారు, అది కాగానే ఈయన్నే తీసుకుంటారు, ఈలోపల మాట ముద్దగా వచ్చినా, అడిగినదానికి తప్పు చెప్పినా ఆ తలుపు కొట్టండి, అప్పుడిక పెద్దాయన కోసం ఆగం, ఉన్న చిన్న డాక్టరే తల తెరుస్తాడు అని. చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. మాట్లాడించమని ఎవరికి చెప్పిందో ఆవిడకి తెలియదు. వీధిలో నన్ను మూగోడంటారు, బాక్సింగు రింగులో దిగిన రోజుల్లో మైకులోనూ ఆ పేరే పిలిచేవాళ్ళు, పెట్టింది ఈ బావే. అక్కని చేసుకుని మా ఇంటికి వచ్చిన మొదటి పూట నన్ను చూసి, వీడేంటి గోడకి కొట్టిన మేకులా ఉన్నాడు, ఉలకడు పలకడు అన్నాడు. ఆ రోజు నుంచి నా వాటా మాటలు కూడా తనే మాట్లాడుతూ వచ్చాడు. ఇప్పుడు తన వాటా నా మీద పడింది.

మంచం కమ్మీ చల్లగా ఉంది. దుప్పటి చాలక బావ పాదం బయటికి వచ్చింది, బొటనవేలి గోరు మీద వార్నిష్ మరక, మోటార్లకి పూసే వార్నిష్, ఏ సబ్బుకీ పోదు. ఒక కాలి చెప్పు మా మోటారు మరమ్మతు దుకాణంలోనే ఉండిపోయినట్టుంది. తలకి కట్టిన కట్టు చూస్తే చెవి మీద వదులుగా, నుదుటి మీద ముడత పడి ఉంది, బావకి ఒళ్ళు తెలిసుంటే నవ్వేవాడు, ఇదేం కట్టమ్మా, సంచి మూతి కట్టినట్టు కట్టావు అని. నాకు నేర్పిందీ, నా మూలలో నిలబడిందీ తనే, పోటీకి ముందు తను నా చేతులకి గుడ్డ చుడుతుంటే ఒక్క ముడత రావడానికి లేదు. మణికట్టు, అరచెయ్యి, వేళ్ళ సందులు, మళ్ళీ మణికట్టు. చుట్టి, పిడికిలి బిగించు అనేవాడు, బిగిస్తే గుడ్డ కిర్రుమనాలి, అనకపోతే విప్పి మళ్ళీ మొదలు. తర్వాత అదే చేతుల్తో మోటార్లకి రాగి తీగ చుట్టాడు, నాకూ నేర్పాడు, దుకాణంలో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని ఇన్నేళ్ళు తీగ చుట్టాం. చేతులు తీగ చుడుతుంటే ఆయన నోరు మాత్రం రింగులోనే ఉండేది. కళ్ళు మూసుకుపోతున్నాయి. బావా. ఊఁ. నిద్రపోకు. పోవడంలేదురా, ఆలోచిస్తున్నా. ఏం ఆలోచిస్తున్నావు. 

ఏం మాట్లాడాలి. కరెంటు బిల్లు, అక్క మోకాలు నొప్పి, నీటి పంపు మోటారు రేపటికి ఇవ్వాలి, అన్నీ అయిపోయాయి, అన్నిటికీ ఊఁ అనే అన్నాడు, ఆ ఊఁ కూడా ఒక్కోసారి ఒక్కో మెట్టు దిగుతోంది. ఈయన్ని లేపే మాట లోకంలో ఒకటే ఉంది. పొద్దున్న కూడా అదే మాట. పక్క కొట్టు దర్జీ భుజాన టేపు వేసుకుని వచ్చి గడపలో నిలబడి మొదలుపెట్టాడు. నిన్న టీవీలో తూనీగ కొట్టాడు చూశావా, ఆ కాళ్ళు నేల మీద ఆనుతాయా అసలు, మీ మూగోడు వాణ్ణి అందుకోవాలంటే సైకిలెక్కాలి. తూనీగ అంటే ఇప్పటి ఛాంపియన్, తాటిచెట్టంత మనిషి, చేతులు మోకాళ్ళ దాకా ఉంటాయి. బావ తీగ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు, తూనీగని పట్టుకోవడానికి ఎవడైనా పరిగెత్తుతాడట్రా, కదలకుండా నిలబడితే అదే వచ్చి వాలుతుంది. మావాడు కదలడు. దర్జీ ఊరుకోలేదు. ఇప్పటివాళ్ళ తిండి వేరు, కసరత్తు వేరు, అవతలివాడు ఎటు కొడతాడో ముందే కంప్యూటర్లో చూసుకుని వస్తారు అన్నాడు. కంప్యూటరుకి దవడ ఉంటుందా అన్నాడు బావ. ఎన్నేళ్ళుగా వింటున్నానో ఈ పంచాయితీ. నేను పుట్టకముందు కొట్టినవాళ్ళని తెచ్చి నాతో దింపేవాడు, నేను మానేశాక పుట్టినవాళ్ళని తెచ్చి దింపేవాడు. సుత్తి అని మా నాన్న కాలంలో ఒకడుండేవాడట, ఒక గుద్దుకి ఎద్దు మోకాళ్ళ మీద కూలేదట, వాణ్ణి కూడా నేను ఎనిమిదో రౌండులో పడగొట్టాను, దర్జీ కొట్టు ముందు, టీ తాగుతూ. లోకంలో నేను ఓడించనివాడు లేడు. ఒక్కడితో మాత్రం ఎప్పుడూ దింపలేదు. ఆ పేరు వస్తే దర్జీ కూడా టేపు సర్దుకుని తన కొట్లోకి వెళ్ళిపోయేవాడు.

పొద్దున్న దర్జీ వదల్లేదు, అంత పొడుగువాడి చేతి కిందికి మీవాడు ఎలా దూరతాడో చూపించు అన్నాడు. బావ లేచి స్టూలెక్కాడు, తూనీగంత ఎత్తు కావడానికి. డెబ్భై దాటిన మనిషి. వద్దు అనాలి, అన్నానా, అనలేదు, ఇలా రారా బామ్మర్దీ అంటే తీగ పక్కన పెట్టి వెళ్ళి ముందు నిలబడ్డాను. ఇదిగో వాడి ఎడమ చెయ్యి ఇలా వస్తుంది అన్నాడు, వంగు అన్నాడు. వంగాను. ఆ గొంతు వంగు అంటే వంగడమే నా ఒంటికి తెలుసు, తల అడగదు, నడుమే వింటుంది. నా తల ఉన్న చోట నేను లేను, బావ గుద్దు గాలికి తగిలింది, గాలితో పాటు ఆయనా వచ్చేశాడు, నా వీపు మీంచి, స్టూలు ఒకవైపు, ఆయన ఒకవైపు, తల వెళ్ళి పాత మోటారు ఇనుప పెట్టెకి కొట్టుకుంది. చప్పుడు పెద్దగా కూడా రాలేదు. కింద కూర్చునే నవ్వాడు. చూశావా దర్జీ, తగల్లేదు, అన్నాడు. మంచినీళ్ళు తాగాడు. ఇంకో అరగంట దర్జీని ఉతికి ఆరేశాడు. తర్వాత నన్ను, నీటి పంపు మోటారు ఇచ్చేశామా అని అడిగాడు, లేదన్నాను, కాసేపటికి మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు నాలుక మందంగా ఉంది, తర్వాత వాంతి. దర్జీయే బండి తెచ్చాడు. మమ్మల్ని ఆస్పత్రిలో దింపాడు. అక్కని తీసుకురావడానికి అటునుంచి అటే వెళ్ళాడు.

బావా, దర్జీ చెప్పిందే నిజం అన్నాను. తూనీగ నన్ను కొట్టేస్తాడు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎడమ కన్ను కొంచెం తెరుచుకుంది. ఎవరన్నారు.

"నేనే అంటున్నా."

"నీకేం తెలుసు?"

"దెబ్బలు తినేది నేనే కదా బావా."

"తినేవాడికేం తెలుస్తుందిరా. చూసేవాడికి తెలుస్తుంది."

రెండో కన్ను కూడా తెరుచుకుంది. దొరికింది. నన్ను పొగిడితే ఈయన పడుకుంటాడు, నన్ను తిడితే లేస్తాడు. సరే, ఓడిపోతాను, ఎన్ని సార్లు కావాలంటే అన్ని సార్లు, ఎవడి చేతిలో కావాలంటే వాడి చేతిలో. మొదటి రౌండులోనే వాడి ఎడమ చెయ్యి నా ముక్కు మీద దిగింది అన్నాను, వాడు దూరం నుంచి కొడుతుంటే నేనేం చేయగలను, నా చేతులు పొట్టి. పొట్టి కాబట్టే లోపలికి వెళ్తావు అన్నాడు. వెళ్ళేలోపల పది తింటాను. తిను, తింటే ఏమైంది, నువ్వేమైనా పెళ్ళికొడుకువా మొహం దాచుకోవడానికి. నవ్వొచ్చింది, నవ్వలేదు. రెండో రౌండు, కాళ్ళు లాగుతున్నాయి నాకు అన్నాను. లాగవు. లాగుతున్నాయి బావా, వాడు నా చుట్టూ తిరుగుతున్నాడు, తల తిప్పి తిప్పి మెడ పట్టేసింది. తిప్పకు, వాడి మొహం చూడకు, నడుం చూడు, కాళ్ళు ఎటు వెళ్ళినా నడుం అబద్ధం చెప్పదు. పెదవులు ఎండిపోయాయి ఆయనకి, దూది తడిపి అద్దాను, నీళ్ళు తాగించొద్దన్నారు. రింగులో రౌండుకీ రౌండుకీ మధ్య ఆయన నాకు స్పాంజితో అద్దేవాడు. కనుబొమ్మల మీద వాసెలిన్ రాసి, పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి ఊపిరి ఎంత వేగంగా ఉందో చూసేవాడు, అప్పుడు అడిగేవాడు, నీళ్ళకంటే ముందు, మన మూల ఏ రంగు. వేరే మూలల్లో పేరు అడిగేవాళ్ళు. పేరుదేముంది, నిద్రలో కూడా చెప్తాడు మనిషి, మూల అలా కాదు, ఒకసారి ఎరుపు ఇస్తారు, ఒకసారి నీలం ఇస్తారు, ఈ పూట ఎక్కడున్నాడో తెలిసినవాడే చెప్పగలడు అనేవాడు. ఆ ప్రశ్న మా ఇద్దరిది. ఇందాక మొదటిసారి అడిగినప్పుడు ఎరుపు అనడానికి చాలాసేపు తీసుకున్నాడు. ఏ రోజు మూల చెప్తున్నావని నేను అడగలేదు. ఎరుపంటే ఏ రోజో నాకు తెలుసు.

గోడకున్న ఫ్యాను మూలుగుతోంది. బేరింగు పోయింది, ఎవరూ నూనె వేసినట్టు లేరు. పక్క మంచం చుట్టూ తెర లాగారు. నర్సమ్మ చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి దూరమైంది. బావా, ఐదో రౌండు, పడిపోయాను. లే. లేవలేను. లే అంటున్నానా. గొంతులో కోపం ఉంది, కోపం కింద ఏదో జారుతోంది, తడి నేల మీద కాలు జారినట్టు, చివరి అక్షరం పట్టు తప్పుతోంది. మన మూల ఏ రంగు. ఎరుపు. సరే, లేచాను. ఆరో రౌండు. కొలిమి కూడా నన్ను ఇలాగే ఆరో రౌండులో పడగొట్టాడు అన్నాను. అనేశాను. ఎవరూ అనని పేరు. తను నన్ను ఎవడితో మళ్ళీ దింపలేదో ఆ ఒక్కడి పేరు. ఇంతకంటే పెద్ద సూది నా దగ్గర లేదు.

ఆ రోజు హాలు నిండా పొగ, దీపాల వేడికి రింగు గుడ్డ కాలుతున్నట్టుండేది కాళ్ళ కింద. మాది ఎరుపు మూల, గెలిచినవాడికి బెల్టు. కొలిమి కుడిచెయ్యి పడినచోటల్లా లోపల ఎముకలో గంట కొట్టినట్టుండేది. ఏడు అయింది, ఎనిమిది అయింది, వాడూ అలిసిపోయాడని అందరూ అన్నారు తర్వాత, నాకు తెలియదు. తొమ్మిదో రౌండు గంట కొట్టాక వచ్చి కూర్చున్నాను. బావ స్పాంజి పిండాడు. మన మూల ఏ రంగు అన్నాడు. నీలం అన్నాను. ఇంకోసారి అడగలేదు. నా భుజం మీది తువ్వాలు తీసి రింగులోకి విసిరాడు, ఇక చాలు, ఓడిపోయాం అని. అది గాల్లో చాలాసేపు ఉంది, తెల్లగా, విప్పుకుంటూ, ఎవరిదో ఆరేసిన బట్ట ఎగిరిపోతున్నట్టు చూశాను. అంతే. బెల్టు వాడికి వెళ్ళింది. మర్నాడు తెలిసింది కొలిమి కుడిచెయ్యి విరిగిపోయిందని, తర్వాతి రౌండుకి లేచేవాణ్ణి కాదని వాడే చెప్పాడు. ఇంకేముంది. ఒక్క రౌండు, ఒక్క రౌండు అని ఊరంతా అన్నారు. మూగోడి మాట తడబడింది, కిందటిసారి నీలం మూల ఇచ్చారు కదా, అలవాటులో నోరు జారింది, ఆ మాత్రానికి తువ్వాలు విసురుతారా అన్నారు. వినీ వినీ బావ కూడా నమ్మేశాడు. నేనే తొందరపడ్డానేమో అని అక్కతో అంటుంటే గోడ ఇవతల విన్నాను. అప్పటి నుంచే మొదలుపెట్టాడు నన్ను గెలిపించడం. ప్రతి కాలంలోనూ, ప్రతివాడి మీదా, పోయిన ఆ ఒక్క బెల్టుకి బదులు వంద బెల్టులు.

నోరు జారలేదు. నాకొక్కడికే తెలుసు అది. తొమ్మిదో రౌండు తర్వాత నేను ఆ హాల్లో లేను. కిందటేడు కొట్టిన వేరే హాల్లో ఉన్నాను, అక్కడ మాది నీలం మూల. ముందు వరసలో అమ్మ కూర్చుని ఉంది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేను దెబ్బ తిన్నప్పుడల్లా పెట్టుకున్నట్టే. అమ్మ పోయి అప్పటికి ఆర్నెల్లు. ఇంకో రౌండు లేచుంటే అమ్మ దగ్గరికే వెళ్ళేవాణ్ణి. మొదట్లో బెల్టు పోయిన మంట, చెప్పలేదు. తర్వాత అమ్మ సంగతి చెప్తే అక్క ఏడుస్తుందని చెప్పలేదు. ఆ తర్వాత బావ దర్జీ కొట్టు ముందు నన్ను అంత సంతోషంగా గెలిపిస్తుంటే ఎక్కడ ఆపి చెప్పాలో తెలియలేదు. రాగి తీగ పొర మీద పొర పడితే అడుగున ఉన్నది విప్పాలంటే మొత్తం విప్పాలి.

"కొలిమి..." అన్నాడు బావ. కళ్ళు రెండూ పైకప్పు వైపు. "ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ రోజు నీలం అన్నావే. తెలిసే అన్నావా, తెలియకనా?"

ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగనిది. పక్కపక్కనే తిన్నాం, ఒకే బల్ల మీద పనిచేశాం, అడగలేదు. నోటిదాకా వచ్చింది, నువ్వు చేసింది మంచి పని బావా అని, అంతే కదా, ఎంతసేపు. కానీ ఆయన మొహం చూశాను. ఆ మొహం నాకు తెలుసు. చివరి గంట దాకా ఎలాగో నిలబడి, గంట వినగానే కాళ్ళు వదిలేసేవాళ్ళని చూశాను, గంట కోసమే నిలబడతారు వాళ్ళు. ఈయన ఈ జవాబు కోసం నిలబడి ఉన్నాడు. చేతిలో పెడితే పట్టుకుని పడుకుంటాడు. చెప్పకుండా ఉండటం నాకు బాగా వచ్చిన పని, పుట్టిన దగ్గర్నుంచీ అదే చేశాను, అయినా ఇంత బరువుగా ఎప్పుడూ లేదు.

"బయటికొచ్చాక చెప్తా."

"ఇప్పుడు చెప్పరా."

"చెప్పను. తూనీగతో ఆరో రౌండు ఇంకా అవలేదు. వాడు నన్ను తాళ్ళకి ఆనించి బాదుతున్నాడు."

"దొంగ... నీయమ్మ..." తిట్టు సగంలో ఆగింది. తిట్టాడు, అది నయం. చెయ్యి కమ్మీ మీద ఉంది, పిడికిలి బిగించు బావా అన్నాను, ఎడమది బిగిసింది, కుడిది వేళ్ళు ముడుచుకున్నాయి కానీ మూసుకోలేదు. ఇందాక మూసుకున్నాయా, చూడలేదు. ఇందాక అడగలేదు.  ఏడో రౌండు బావా, ఎనిమిది, వాడి చెయ్యి వస్తోంది, ఏం చెయ్యమంటావు, బావా, వంగనా. పెదవులు కదిలాయి. మన మూల ఏ రంగు.

నీలం.

నీలం అన్నాడు. పెదవి ఒక పక్కకి కొంచెం లాగినట్టుంది. ఆయన వేళాకోళం ఆడేటప్పుడు పెదవి అటే వెళ్తుంది. నా మాట నాకే అప్పగించాడా, నువ్వు చెప్పవు కదా, తెలియక అన్నానో తెలిసి అన్నానో నువ్వే కనిపెట్టు అనా. అదే చేసే మనిషి. లేక నిజంగా ఏ హాల్లో ఉన్నాడు, ముందు వరసలో ఎవరిని చూస్తున్నాడు. తలుపు కొడితే చిన్న డాక్టరు తల తెరుస్తాడు, పెద్దాయన ఇంకాసేపట్లో వస్తాడు, ఇంకాసేపు ఆగితే మంచి చెయ్యి పడుతుంది. వేళాకోళానికి తలుపు కొట్టానని తేలితే. కొట్టకపోతే. ఇంకోసారి అడుగుదామా, ఇంకోసారి అడిగితే ఎరుపు అంటాడేమో. అప్పుడు అర్థమైంది నాకు, కొలిమితో ఆడిన రోజు ఈయన ఇంకోసారి ఎందుకు అడగలేదో. రెండోసారి సరిగ్గా చెప్తే మళ్ళీ రింగులోకి పంపాలి. పంపాలనే కోరిక ఉన్నవాడే రెండోసారి అడుగుతాడు. లేచాను. స్టూలు వెనక్కి పడింది. తలుపు దగ్గరికి ఎలా వెళ్ళానో తెలియదు, రెండు పిడికిళ్ళతో కొట్టాను, ఎముక మీద చర్మం లేచింది, గుడ్డ చుట్టని చేతులు. తప్పు చెప్పాడు, అన్నాను నర్సమ్మతో, మూల తప్పు చెప్పాడు. మూల ఏంటని ఆవిడ అడగలేదు. మంచం దగ్గరికి పరిగెత్తి ఆయన కంట్లో లైటు వేసి చూసి ఎవరినో పిలిచింది. చక్రాలు కదిలాయి. కట్టు ముడత పక్కకి జరిగి కంటి మీదికి వచ్చింది, సరిచేద్దామని చెయ్యి చాచాను, అందలేదు, తలుపు మూసుకుంది.

తువ్వాలు గాల్లో ఉన్నంతసేపు విసిరినవాడికి ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇలా ఉంటుంది. కింద పడేదాకా ఏదీ తేలదు, మళ్ళీ చేతిలోకి రాదు. అక్క వచ్చింది, వెనకాల దర్జీ, వాడి మెళ్ళో ఇంకా టేపు ఉంది. అక్క నా పక్కన కూర్చుంది, బెంచీ ఇనుపది. మాట్లాడాడా అంది. మాట్లాడాడన్నాను. ఏం మాట్లాడాడు. బాక్సింగు. అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అచ్చం అమ్మలాగే, నేను తల తిప్పుకున్నాను. దర్జీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి, మూగోడే గెలుస్తాడు వదినా, నేనే ఊరికే వాదించాను, అన్నాడు.  తలుపు మీది ఎర్ర దీపం వెలుగుతూ ఉంది. తొమ్మిదో రౌండు, పదో రౌండు, నేను తూనీగ నడుం చూస్తూ నిలబడ్డాను, కదల్లేదు, వాడు చుట్టూ తిరుగుతున్నాడు, తిరగనీ. కిటికీలో ఎండ బెంచీ కాళ్ళ దగ్గర్నుంచి గోడ మీదికి పాకింది, పోయింది, పైన లైట్లు వేశారు. మధ్యలో పెద్ద డాక్టరు గబగబా లోపలికి వెళ్ళడం చూశాను, ఎప్పుడు వెళ్ళాడో, దేనికి వెళ్ళాడో.

దీపం ఆరింది. నర్సమ్మ మాస్కు కిందికి లాక్కుంటూ వచ్చింది. రక్తం తీసేశాం, ఆలస్యం కాకుండా పిలిచారు, నయం, అంది. మెలకువ వచ్చింది. కానీ పేరు అడిగితే చెప్పడం లేదు, ఏ ఊరంటే చెప్పడం లేదు, ఏది అడిగినా ఎరుపు, ఎరుపు అంటున్నారు. డాక్టరుగారు ఇంకా తికమకలో ఉన్నారేమో అంటున్నారు, మీకేమైనా తెలుసా అంది. అక్క నా మొహం చూసింది.  సరిగ్గానే చెప్తున్నాడమ్మా అన్నాను. లేచి నిలబడ్డాను.

"ఒక్కరు రండి. వెళ్ళి ఎక్కువ మాట్లాడకండి ఆయనతో."

"ఎవరు, వీడా?" అంది అక్క. ఏడుపులోంచి నవ్వొచ్చింది తనకి.

"ఎక్కువేం లేదమ్మా," అన్నాను. "ఒక్క మాటే."